తీర్పు మీద సంతకం పడ్డాక ఏం అడగొచ్చు, ఎవరిని అడగాలి

శిక్ష పడిన రోజు సాయంత్రం కోర్టు వరండాలో ఎప్పుడూ వినిపించే మాట ఒకటుంది. ‘‘సార్, జడ్జిగారు మంచివారే. రేపు ఇంకో పిటిషన్ వేసి ఇంటి పరిస్థితి చెప్పుకుందాం. ఆయనే కాస్త తగ్గిస్తారు.’’ చాలా ఏళ్లుగా జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తున్నాను. ఈ మాట నమ్ముకుని ఆ ‘రేపు’ కోసం తిరిగి తిరిగి, చివరికి అప్పీలు గడువు దాటబెట్టుకున్న కుటుంబాలను చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ జడ్జిగారు తగ్గించలేరు. జాలి కలిగినా, తీర్పులో తాను పొరపాటు పడ్డానని ఆయనకే అనిపించినా తగ్గించలేరు. పెంచనూ లేరు. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో దీన్ని 362వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే బీఎన్ఎస్ఎస్‌లో, అది 403వ సెక్షన్ అయింది. నంబరు మారింది గానీ విషయం మారలేదు. తీర్పు మీద గానీ, కేసును ముగించే తుది ఉత్తర్వు మీద గానీ సంతకం చేశాక ఏ కోర్టూ దాన్ని మార్చకూడదు, మళ్లీ విచారించకూడదు. రాతలోనో లెక్కలోనో దొర్లిన పొరపాటు మాత్రం సరిదిద్దవచ్చు. ఇంకేదైనా చేయాలంటే ఆ అధికారం ఏదో ఒక చట్టంలో ప్రత్యేకంగా రాసి ఉండాలి.

కఠినంగా అనిపిస్తుంది, నిజమే. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. రెండేళ్లు శిక్ష వేసిన జడ్జి నెల తర్వాత ఎవరి ఒత్తిడితోనో దాన్ని ఐదేళ్లు చేయగలిగితే, జైల్లో ఉన్న మనిషికి కంటి మీద కునుకు ఉంటుందా? ఆ తలుపు మూసి ఉండటం మనకూ రక్షణే. తెరిచి ఉన్న తలుపులు వేరే ఉన్నాయి. ఏ పని ఏ రోజు చేయాలో తెలిస్తే చాలు.

అడగాల్సిందంతా సంతకానికి ముందే అడగండి

నేరం రుజువైందని జడ్జి చెప్పడానికీ, శిక్ష ఎంతో ప్రకటించడానికీ మధ్య ఒక దశ ఉంది. సెషన్స్ కేసుల్లో బీఎన్ఎస్ఎస్ 258(2), మేజిస్ట్రేట్ దగ్గర నడిచే వారంట్ కేసుల్లో (రెండేళ్లకు మించి జైలు పడగలిగే నేరాల్లో) 271(2) ప్రకారం శిక్ష విషయంలో ముద్దాయి చెప్పేది కోర్టు వినాలి. ‘‘శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?’’ అని జడ్జి అడుగుతారు. మనవాళ్లు బోనులో చేతులు జోడించి ‘‘దయ చూపించండయ్యా, పిల్లలు చిన్నవాళ్లు’’ అని ఊరుకుంటారు. రికార్డులో అది ఒక్క లైను. ఆ పైన అప్పీలు కోర్టు చూసేదీ ఆ ఒక్క లైనే. ఈ విచారణ మొక్కుబడి తంతు కాదని 1989లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కాబట్టి దాన్ని మీరూ తంతుగా పోనివ్వకండి.

తీర్పు తేదీ తెలిసిన రోజే మీ లాయరుతో కూర్చుని ఒక మెమో రాయించి పెట్టుకోండి. ‘‘నేరం రుజువు కాదులెండి, మెమో ఎందుకు’’ అని ఎవరైనా అన్నా రాయించండి. కేసు కొట్టేస్తే ఆ కాగితం చించేయొచ్చు. శిక్ష పడితే మాత్రం దానికి మించిన కాగితం ఆ రోజు ఇంకొకటి ఉండదు. అందులో ముద్దాయి వయసు, ఇదే మొదటి కేసు అయితే ఆ సంగతి, మీద ఆధారపడ్డవాళ్లు ఎవరు, ఆరోగ్య సమస్య ఉంటే ఆస్పత్రి కాగితాలు, బాధితులకు ఇప్పటికే ఏమైనా చెల్లించి ఉంటే రశీదులు అన్నీ ఉండాలి. మొదటి తప్పు, పెద్ద నేరం కాకపోతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కిందో, బీఎన్ఎస్ఎస్ 401 కిందో జైలు లేకుండా మంచి నడవడిక బాండు మీద వదలమని స్పష్టంగా అడగండి. అప్పటికప్పుడు కాగితాలు అందకపోతే శిక్ష విచారణకు ఒకటి రెండు రోజులు వాయిదా కోరండి.

ఈ మెమోలో రెండు విషయాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండాలి.

మొదటిది, రిమాండ్ రోజులు. అరెస్టయిన తేదీ, బెయిల్ మీద బయటికి వచ్చిన తేదీ, మళ్లీ లోపలికి వెళ్లి ఉంటే ఆ తేదీలు కూడా. ఆ రోజులన్నీ శిక్షలోంచి తీసేయాలని బీఎన్ఎస్ఎస్ 468 చెబుతుంది. పాత చట్టంలో ఇది 428. కోర్టుల్లో దీన్ని సెటాఫ్ అంటారు.

రెండోది దీనికంటే పెద్దది. శిక్షలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే అవి కలిసి నడవాలా, ఒకటి అయ్యాక ఒకటి నడవాలా అన్నది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, జడ్జి ఏమీ రాయకపోతే శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి నడిచే ప్రమాదం ఉంది. ఒకే కేసులో రెండు మూడు సెక్షన్ల కింద శిక్షలు పడితే బీఎన్ఎస్ఎస్ 25, ఇప్పటికే ఒక కేసులో శిక్ష అనుభవిస్తూ ఉండగా ఇంకో కేసులో శిక్ష పడితే 467 వర్తిస్తాయి. 25 కింద కలిసి నడవాలో, ఒకదాని తర్వాత ఒకటి నడవాలో కోర్టే రాయాలి. 467 కింద అయితే కోర్టు ‘ఏకకాలంలో’ అని రాస్తేనే కలిసి నడుస్తాయి. యావజ్జీవం అనుభవిస్తున్నవారికి తర్వాత పడిన శిక్ష మాత్రం దానితోపాటే నడుస్తుంది.

ఆ ఒక్క మాట లేకపోతే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లో జరిగింది చూడండి. కరెంటు సామగ్రి దొంగతనానికి సంబంధించి ఒక మనిషి మీద 9 కేసులు. ఒక్కో కేసులో రెండేళ్లు. శిక్షలు కలిసి నడుస్తాయని ఎక్కడా రాయలేదు. జైలువాళ్లు కూడారు, 18 ఏళ్లయింది. హత్య చేసినవాడికి పడేంత శిక్ష! అలహాబాద్ హైకోర్టుకు వెళ్తే కుదరదంది. చివరికి 2022 డిసెంబరు 16న సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, మన తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్న ధర్మాసనం తొమ్మిది శిక్షలూ ఏకకాలంలో నడవాలని ఆదేశించింది. ఏ కేసూ తమకు చిన్నది కాదని ఆ రోజు కోర్టు అన్నది.

అది చదివి ‘తర్వాతైనా అడగొచ్చు’ అనుకోకండి. మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు ఒకటుంది. రెండు వేర్వేరు కేసుల్లో శిక్ష పడిన వ్యక్తి అప్పీళ్లన్నీ అయిపోయాక, శిక్షలు కలిపి నడపమని హైకోర్టు సహజాధికారం (అన్యాయం జరగకుండా చూసేందుకు హైకోర్టుకు ఉండే అధికారం) కింద విడిగా పిటిషన్ వేశారు. మొదటి కోర్టులో అడగలేదు, అప్పీలులో అడగలేదు, ఇప్పుడు విడిగా అడగడం చెల్లదని 2007లో సుప్రీంకోర్టు తేల్చేసింది. మీ లాయరుకు కావాలంటే ఆ తీర్పు సుప్రీంకోర్టు కేసెస్ 2007 రెండో సంపుటి 772వ పేజీలో ఉంది. ఒకరికి దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. మీ ఇంట్లో మనిషి జీవితాన్ని ఆ అదృష్టానికి వదలొద్దు. మెమోలో ఒక్క వాక్యం రాయించండి.

తీర్పు కాపీ చేతికి రాగానే చివరి పేజీ చదవండి

జైలు శిక్ష పడితే తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి. బీఎన్ఎస్ఎస్ 404 అదే చెబుతుంది. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. వీలైనంతవరకు ఏడు రోజుల్లో తీర్పును కోర్టు పోర్టల్‌లో పెట్టాలని 392లో ఉంది. మీ కేసు సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) దగ్గర ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు.

తీర్పు అరవై పేజీలున్నా ముందు చివరి పేజీ తీయండి. పెన్ను పట్టుకుని చూడండి: పేరు, తండ్రి పేరు, సెక్షన్లు, ఒక్కో సెక్షన్ కింద ఎంత శిక్ష, జరిమానా ఎంత, కట్టకపోతే అదనంగా ఎన్నాళ్లు, ‘ఏకకాలంలో’ అన్న మాట ఉందా లేదా, రిమాండ్ తేదీలు, రోజుల లెక్క. తర్వాత జైలుకు వెళ్లే వారంటు నకలు సంపాదించి తీర్పుతో పోల్చండి. జైలు సూపరింటెండెంట్ వారంటును బట్టే విడుదల తేదీ లెక్కేస్తారు. తీర్పులో ‘ఏకకాలంలో’ అని ఉండి, వారంటులో ఆ మాట రాయడం మరిచిపోతే లోపలి మనిషి నెలల తరబడి అదనంగా ఉండిపోవచ్చు. వారంటు తీర్పు కాదు. అది తీర్పును అమలు చేసే కాగితం. దాన్ని తీర్పుకు తగ్గట్టు సరిచేయమని అదే కోర్టులో మెమో వేయొచ్చు. ఇది తీర్పును మార్చడం కిందకు రాదు.

తప్పు కనిపిస్తే, అది ఏ రకం తప్పో తేల్చుకోండి

అదే జడ్జి సరిదిద్దగలిగే తప్పుకీ, సరిదిద్దలేని తప్పుకీ తేడా ఇక్కడే తెలుసుకోవాలి. 1981లో సుప్రీంకోర్టు చెప్పిన కొలబద్ద చాలా సులువు. కోర్టు చేయి జారి రాసింది, అసలు రాయాలనుకోనిది అయితే అది రాత పొరపాటు. ఆలోచించి, ఉద్దేశించి రాసింది అయితే అది ఎంత తప్పయినా తీర్పులో భాగమే.

ఒక లెక్క వేసి చూద్దాం. అరెస్టు 2024 మార్చి 12. బెయిల్ మీద విడుదల 2024 జూన్ 3. మార్చిలో 20 రోజులు, ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 3. మొత్తం 84. తీర్పులో తేదీలు రెండూ సరిగ్గానే ఉన్నాయి, కానీ టైపు చేసినప్పుడు అంకెలు తారుమారై ‘48 రోజులు’ అని పడింది. ఇది చేయి జారిన తప్పు. రెండు తేదీలూ అదే తీర్పులో కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరు లెక్కేసినా 84 వస్తుంది. అదే కోర్టులో ఒక చిన్న పిటిషన్, దాంతో రిమాండ్ తేదీల రుజువు పెడితే చాలు. 36 రోజులంటే తక్కువ కాదు. లోపల ఉన్నవాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఇంకోటి. జడ్జి మూడేళ్లు వేశారు. ఆ సెక్షన్ కింద ఇలాంటి కేసుల్లో ఆరు నెలలకు మించి వేయరని మీ వాదన. లేదా ముఖ్యమైన సాక్షి మాటను జడ్జి పట్టించుకోలేదు. లేదా ప్రొబేషన్ అడిగితే కారణం చెప్పకుండా కాదన్నారు. ఇవేవీ రాత పొరపాట్లు కావు. మీ వాదన నూటికి నూరుపాళ్లు సరైనదే అయినా ఆ కోర్టులో వినేవాళ్లు లేరు. చట్టం చెప్పిన కనీస శిక్ష కంటే తక్కువ వేసినా, గరిష్ఠం కంటే ఎక్కువ వేసినా కూడా పై కోర్టుకే వెళ్లాలి.

మీరే పరీక్షించుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ‘ఇది చూపిస్తే జడ్జిగారు అయ్యో, ఇది నేను రాయాలనుకున్నది కాదే అంటారా? లేక, మళ్లీ ఆలోచించాలి అంటారా?’ రెండోదైతే అక్కడ పిటిషన్ వేయడం ఆపేయండి. ఫీజూ దండగ, రోజులూ దండగ.

అప్పీలు గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది

మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ కోర్టు వేస్తే హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వేయాలి. ఉరిశిక్ష అయితే 30 రోజులే. ఆంధ్రప్రదేశ్ కేసులు అమరావతిలోని హైకోర్టుకు, తెలంగాణ కేసులు హైదరాబాద్‌లోని హైకోర్టుకు వెళ్తాయి. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు ఈ లెక్కలోంచి తీసేస్తారు. అందుకే కాపీ అప్లికేషన్ మొదటి రోజే పెట్టండి. గడువు దాటితే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. ‘‘అదే కోర్టులో తగ్గిస్తారేమోనని తిరిగాం’’ అన్నది మంచి కారణంగా ప్రతి కోర్టూ ఒప్పుకుంటుందని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. నేరం ఒప్పుకున్నందుకు శిక్ష పడితే, శిక్ష ఎంత, అది చట్టబద్ధమా కాదా అన్నంతవరకే అప్పీలు ఉంటుంది. నామమాత్రపు జరిమానా కేసుల్లో అప్పీలు ఉండదు. రివిజన్, అంటే కింది కోర్టు ఉత్తర్వు సరిగ్గా ఉందో లేదో చూడమని పై కోర్టును అడిగే పిటిషన్, వేసుకోవచ్చు, దానికి 90 రోజులు.

‘అప్పీలు వేస్తే శిక్ష పెంచుతారేమో’ అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు వేసిన అప్పీలులో మీ శిక్షను పెంచడానికి చట్టం ఒప్పుకోదు. పెంచమని అడగాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి, మీకు నోటీసు ఇచ్చి మీ మాట వినాలి.

తీర్పు చెప్పిన కోర్టుకు ఇంకా మిగిలి ఉన్న అధికారాలు రెండున్నాయి. రెండూ చట్టం విడిగా ఇచ్చినవే. ఒకటి, మూడేళ్లకు మించని శిక్ష పడి, ముద్దాయి అప్పటికి బెయిల్ మీద ఉంటే, అప్పీలు వేసుకునేందుకు వీలుగా అదే కోర్టు బెయిల్ ఇవ్వాలి. ఇవ్వకూడదంటే ప్రత్యేక కారణాలు చూపాలి. అది బీఎన్ఎస్ఎస్ 430(3). ఈ పిటిషన్ తీర్పు రోజునే సిద్ధంగా ఉండాలి. జామీనుదారులు వాళ్ల కాగితాలతో పొద్దున్నే కోర్టుకు వచ్చి కూర్చోవాలి. లేకపోతే సాయంత్రం జైలుకు వెళ్లిపోతారు. రెండోది, జరిమానా మాత్రమే పడి, కట్టకపోతే జైలు అన్నప్పుడు, 464 కింద ముప్పై రోజుల గడువో, రెండు మూడు వాయిదాల్లో కట్టే వీలో అడగొచ్చు.

రాజీ కుదిరిందా? పాత కోర్టుకు వెళ్లకండి

చెక్ బౌన్స్ కేసుల్లో ఇది రోజూ జరిగేదే. ఏడాది జైలు, చెక్కు మొత్తానికి పరిహారం అని తీర్పు వచ్చాక అందరూ కదులుతారు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటారు, డబ్బు సర్దుబాటవుతుంది, ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం పట్టుకుని మేజిస్ట్రేట్ దగ్గరికే పరిగెడతారు. ఆయన ఆ కాగితం తీసుకోలేరు. తీర్పు అయిపోయింది. అప్పీలు వేసి, అప్పీలు కోర్టు అనుమతితో రాజీ నమోదు చేయించుకోవాలి. ఆలస్యంగా రాజీ పడినందుకు చెక్కు మొత్తంలో కొంత శాతం ఖర్చుల కింద కట్టమనవచ్చు. రాజీ మాటలు తీర్పుకు ముందే మొదలుపెట్టి ఉంటే ఈ తిప్పలుండవు.

ఇంకొన్ని తలుపులు

నేరం జరిగిన రోజుకు ముద్దాయికి 18 ఏళ్లు నిండలేదా? అయితే ఇది అన్నిటికంటే పెద్ద తలుపు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 9(2) ప్రకారం ఈ సంగతి ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిసిపోయాకైనా లేవనెత్తవచ్చు. సుమారు పాతికేళ్లు జైల్లో గడిపిన ఒక మనిషి నేరం నాటికి 14 ఏళ్ల పిల్లాడని తేలి 2025 జనవరిలో సుప్రీంకోర్టు విడుదల చేయమంది. పదో తరగతి సర్టిఫికెట్, బడి రికార్డు, పంచాయతీ పుట్టుక ధ్రువపత్రం ఏది ఉంటే అది వెతికి తీయండి.

సంతకం చేశాక తీర్పు మార్చకూడదన్న నియమానికి హైకోర్టు కూడా లోబడే ఉండాలి. సహజాధికారం పేరు చెప్పి తన తుది ఉత్తర్వును తిరగరాయడానికి లేదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. అయితే అవతలివాళ్లకు నోటీసే ఇవ్వకుండా, మాట వినకుండా ఇచ్చిన ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం వేరే సంగతి. సంతకం కాకముందు మనసు మార్చుకోవడమూ వేరే సంగతి. గుజరాత్ హైకోర్టులో ఓపెన్ కోర్టులో చెప్పిన ఉత్తర్వును సంతకానికి ముందు వెనక్కి తీసుకుంటే, అది తప్పు కాదని 2014లో సుప్రీంకోర్టు అంది. సుప్రీంకోర్టుకు మాత్రం రాజ్యాంగం 137వ అధికరణం కింద తన తీర్పును సమీక్షించే అధికారం ఉంది. క్రిమినల్ కేసుల్లో రికార్డు చూడగానే కనిపించే తప్పు ఉంటేనే, అదీ 30 రోజుల్లో అడగాలి.

శిక్ష తగ్గించమని ప్రభుత్వాన్ని అడిగే దారి పూర్తిగా వేరు. అది బీఎన్ఎస్ఎస్ 473 కింద ప్రభుత్వం ఇచ్చే రెమిషన్. అక్కడ శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం అడగవచ్చు. అది అభిప్రాయమే, కొత్త తీర్పు కాదు. ఉరి పడగలిగే నేరానికి యావజ్జీవం పడితే 14 ఏళ్లు నిజంగా లోపల గడపకుండా ఈ దారిలో విడుదల ఉండదు.

ఇది చదివేవాళ్లలో బాధితుల కుటుంబాలు కూడా ఉంటాయి. ‘‘మా అబ్బాయిని కొట్టి చంపినంత పని చేస్తే ఇంత తక్కువ శిక్షా?’’ అని మీరు అదే జడ్జిని అడిగినా ఆయన చేయగలిగింది లేదు. ముద్దాయిని వదిలేస్తేనో, చిన్న సెక్షన్ కింద శిక్ష వేస్తేనో, పరిహారం చాలకపోతేనో మీరు స్వయంగా అప్పీలు వేయొచ్చు. శిక్ష తక్కువైందని మాత్రం వేయడానికి లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రభుత్వం వేయాలి. కాబట్టి తీర్పు వచ్చిన వారంలోనే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రశీదు తీసుకోండి.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే

కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లండి. జైల్లో ఉన్న మనిషి తన అప్పీలు కాగితాలను జైలు అధికారి చేతికే ఇవ్వొచ్చు. వాటిని కోర్టుకు పంపడం ఆ అధికారి బాధ్యత. ఈ వారం ములాఖత్‌కు వెళ్తుంటే తీర్పు చివరి పేజీ జిరాక్సు ఒకటి వెంట తీసుకెళ్లి, రిమాండ్ తేదీలు లోపలి మనిషికి చదివి వినిపించండి. ఏ రోజు అరెస్టు చేశారో, ఏ రోజు బయటికి వచ్చారో ఇంట్లో అందరూ మరిచిపోయినా ఆ మనిషి మరిచిపోడు.